తెలుగు రాక కాదు, ఫాంటు లేక

మా బడిలో తెలుగు మాట్లాడేవాళ్లం అయిదుగురం. ఇద్దరి నాన్నలు సైన్యంలో, ఒకరి నాన్న రైల్వేలో, ఒకరి అమ్మ బ్యాంకులో, ఇంకొకరి నాన్న ఆదాయపు పన్ను శాఖలో. ఊరు పంజాబ్‌లోని ఒక కంటోన్మెంటు. తరగతిలో హిందీ, ఇంగ్లిష్, సంస్కృతం చదువుతాం. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడే భాష, వేసవి సెలవుల్లో రైలు బల్హార్షా దాటి సిర్పూర్ కాగజ్‌నగర్ చేరగానే స్టేషను బోర్డుల మీద కనిపించే భాష. తెలుగు పుస్తకం కొనుక్కుందామంటే ఈ చుట్టుపక్కల కొట్టు లేదు. ఇంటినుంచి తెచ్చుకున్నవి కూడా ఎక్కువ మిగలవు. బదిలీ వచ్చిన ప్రతిసారీ సామాను సర్దేటప్పుడు బరువని ముందు తీసేసేది పుస్తకాలనే కదా!

అందుకని మాకు తెలుగు పుస్తకం అంటే పీడీఎఫ్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాలు ఆ రూపంలో దొరుకుతాయి. పాత పుస్తకాల స్కానింగులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడన్ని ఉన్నాయి. గువాహటిలో ఉన్నా, జోధ్‌పూర్‌లో ఉన్నా, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నా ఈ పేజీ చదువుతున్న మీలో చాలామంది పరిస్థితి ఇదే అయి ఉంటుంది. ఆ ఫైలు తెరుచుకోకపోతే ఏమవుతుందో మాకు పోయిన దసరా తర్వాత తెలిసింది.

మాలో ఒకరి తాతయ్య పాలకొల్లులో ఉంటారు. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకూ మనలాగే ఊళ్లు తిరగడమే బతుకు. పనిచేసిన ఊళ్ల గురించి, అక్కడి ఇళ్ల గురించి, అద్దెకిచ్చిన మనుషుల గురించి నోటుపుస్తకంలో రాసుకుని, ఊళ్లో ఒక డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించారు. 64 పేజీలు. అచ్చు వేయించే ముందు పిల్లలు చదవాలని వాట్సాప్‌లో పంపారు. శనివారం సాయంత్రం మేమందరం ఒక క్వార్టర్లో కంప్యూటరు ముందు చేరి ఫైలు తెరిచాం. మొదటి పేజీలో ఆయన ఫోటో చక్కగా ఉంది. ఫోటో కింద మాత్రం తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో ప్లస్ గుర్తులు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఏవో విదేశీ అక్షరాలు. 64 పేజీలూ అంతే.

కాసేపటికి ఆయనే ఫోన్ చేశారు.

"ఏరా, చదివారా?"

"లేదు తాతయ్యా. అక్షరాలు రావట్లేదు."

అవతల కొంచెంసేపు మాట లేదు. "సరేలేరా. మీ అమ్మతో చదివించుకోండి" అని పెట్టేశారు. రాత్రి వాళ్ల అమ్మతో అన్నారట, "పిల్లలకి తెలుగు పోయిందమ్మా, అక్షరాలే రావట్లేదంటున్నారు" అని.

మేం చెప్పింది తెర మీదికి అక్షరాలు రావట్లేదని. ఆయనకు వినపడింది మాకు అక్షరాలు రావని. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటం తెలుగులో సరదాగానే ఉంటుంది కానీ ఆ రాత్రి ఎవరికీ నవ్వు రాలేదు. దూరంగా పెరిగే పిల్లల గురించి ఊళ్లో పెద్దవాళ్లకు ఎప్పుడూ ఉండే భయమే అది. ఒక ఫైలు సరిగ్గా తెరుచుకోక ఆ భయం నిజమైపోయింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. మా వాదన ఒక్కటే: తెలుగు పీడీఎఫ్ మీ కంప్యూటర్లో చదవడానికి వీల్లేకుండా కనిపిస్తే చాలాసార్లు తప్పు మీది కాదు, దాన్ని తయారుచేసి పంపినవాళ్లది. అయినా తప్పు ఎక్కడుందో కనుక్కోవడం మనకు తెలిసి ఉండాలి. లేకపోతే నింద మన మీదే పడుతుంది.

మొదట మేం చేసినవన్నీ తెలివితక్కువ పనులే. ఫైలును మూడుసార్లు మళ్లీ దించుకున్నాం. ఫోన్లు మార్చి చూశాం. మాలో ఒకరు పీడీఎఫ్‌ను బాగుచేస్తానని చెప్పే ఏదో యాప్ వేశారు. అది ఫైలును బాగుచేయలేదు, ఫోను నిండా ప్రకటనలు మాత్రం తెచ్చింది. ఫైలు తెరవకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ వెతకడం అందరూ చేసే పొరపాటే. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, ఫైలు పూర్తిగా వచ్చిందా అని.

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఫైలుకు ఒక నకలు తీసి, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థంకాని చెత్తంతా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మొట్టమొదటి వరుస చూడండి. పర్సెంట్ గుర్తు, దాని వెంట ఇంగ్లిష్‌లో పీడీఎఫ్ అనే మూడు అక్షరాలు, ఆ తర్వాత వెర్షన్ అంకె ఉండాలి. అట్టడుగున రెండు పర్సెంట్ గుర్తులు, ఈ, ఓ, ఎఫ్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలి. ఫైలు అయిపోయిందని దాని అర్థం. పీడీఎఫ్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా ఫైలు చివర ఉంటుంది. సగంలో నెట్ పోయి డౌన్‌లోడ్ ఆగిపోతే ఆ పట్టిక రాదు, అందుకే 90 శాతం వచ్చిన ఫైలు కూడా ఒక్కోసారి ఒక్క పేజీ చూపించదు. ఇంకో రకం మోసం కూడా ఉంది. ఫైలు పేరు చివర పీడీఎఫ్ అనే ఉంటుంది, లోపల చూస్తే వెబ్‌సైటు వాళ్ల లాగిన్ పేజీ ఉంటుంది. పాస్‌వర్డ్ అడిగే పేజీనే బ్రౌజరు పుస్తకం అనుకుని దాచిపెట్టిందన్నమాట. అలాంటిదాన్ని ఎన్ని రీడర్లు మార్చినా లాభం లేదు, లాగిన్ అయి మళ్లీ దించుకోవాల్సిందే.

తాతయ్య ఫైలు ఈ పరీక్షలో నెగ్గింది. తల, తోక రెండూ ఉన్నాయి.

తర్వాత చూపించే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాం. ఈ రోజుల్లో పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలా కంప్యూటర్లలో బ్రౌజరే తెరుస్తుంది. చదువుకోవడానికి అది చాలు. కొన్ని ఆఫీసు ఫారాలు మాత్రం చాలా బ్రౌజర్లలో తెరిస్తే 'దయచేసి వేచి ఉండండి' అని ఇంగ్లిష్‌లో ఒక పేజీ చూపించి అలాగే ఉండిపోతాయి. గంటసేపు వేచి ఉన్నా అంతే. అవి ప్రత్యేక రకం ఫారాలు, వాటిని కంప్యూటర్లో అడోబీ రీడర్‌తో తెరవాలి. మా నాన్నల్లో ఒకరు అలాంటి ఫారం ముందు ఒక ఆదివారం పొద్దుటంతా కూర్చున్నారు, నెట్ స్లోగా ఉందనుకుని. తాతయ్య పుస్తకం మాత్రం రెండు బ్రౌజర్లలోనూ, అడోబీ రీడర్‌లోనూ ఒకేలా కనిపించింది. మూడు కళ్లద్దాలతో చూసినా అదే కనిపిస్తే తప్పు కళ్లద్దాలది కాదు.

అప్పుడు మా కంప్యూటర్ సారు ఒక చోటు చూపించారు. అడోబీ రీడర్‌లో ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో ఫాంట్స్ అనే ట్యాబ్. ఆ ఫైలులో ఏయే ఫాంట్లు వాడారో అక్కడ వరసగా ఉంటాయి. సరిగ్గా చేసిన ఫైలులో ప్రతి ఫాంటు పేరు పక్కన 'ఎంబెడెడ్' అని ఉంటుంది, అంటే ఆ ఫాంటును ఫైలులోనే పొదిగారని. తాతయ్య ఫైలులో ఏదో తెలుగు డీటీపీ ఫాంటు పేరు ఉంది, పక్కన ఆ మాట లేదు. దాని కింద, అసలు ఫాంటు లేనందున రీడరు వాడుకున్న వేరే ఇంగ్లిష్ ఫాంటు పేరు ఉంది. దొంగ అక్కడ దొరికాడు.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అడోబీ సంస్థ 1993లో పీడీఎఫ్‌ను విడుదల చేసింది. ఏ కంప్యూటర్లో చేసిన పేజీ అయినా, ఏ కంప్యూటర్లో తెరిచినా ఒకేలా కనిపించాలన్నది ఆలోచన. అది జరగాలంటే పేజీతోపాటు దాని అక్షరాల రూపాలు కూడా ప్రయాణం చేయాలి. 14 ఫాంట్లను మాత్రం ప్రతి రీడరు దగ్గరా ఉండేవిగా లెక్కేసి, వాటిని పొదగకపోయినా ఫరవాలేదన్నారు. ఆ 14లో ఉన్నవి టైమ్స్, హెల్వెటికా, కొరియర్‌ల రకాలు, గుర్తుల ఫాంట్లు రెండు. తెలుగు లేదు, తమిళం లేదు, హిందీ కూడా లేదు. కాబట్టి ఇంగ్లిష్‌లో ఉత్తరం రాసేవాడు అజాగ్రత్తగా ఉన్నా ఆ ఉత్తరం ఎలాగోలా చదవడానికి వీలుగానే చేరుతుంది. తెలుగులో రాసేవాడు అజాగ్రత్తగా ఉంటే చేరదు. మన భాషలవాళ్లకు ఆ జాగ్రత్త రెట్టింపు ఉండాలి, ఉన్నది మాత్రం సగమే అని మా అభిప్రాయం.

సరే, ఫాంటు లేకపోతే కంప్యూటర్లో మామూలుగా ఉండే తెలుగు ఫాంటు వాడుకోవచ్చు కదా? విండోస్‌లో గౌతమి, నిర్మల ఉంటాయి కదా? మేమూ అదే అడిగాం. ఇక్కడే ఇంకో కిటుకు ఉంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత అంకె ఉంది. 'అ'కు 3077, 'క'కు 3093. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచీ తెలుగుకు చోటు ఉంది. కానీ చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వాడే పాత ఫాంట్లకు ఈ అంకెలతో పని లేదు. అవి ఇంగ్లిష్ అక్షరాల ఇళ్లలో అద్దెకు ఉంటాయి. ఒక ఇంగ్లిష్ అక్షరం ఉండాల్సిన చోట తలకట్టు, ఇంకో అక్షరం చోట గుడి, ప్లస్ గుర్తు ఉండాల్సిన చోట ఏదో వత్తు. ఫాంటు ఉన్నంతసేపు మనకు తెలుగు బొమ్మ కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే అసలు ఇంటివాళ్లు బయటికొస్తారు. మేం 64 పేజీల్లో చూసింది వాళ్లనే. ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిష్ గుర్తుల అంకెలే కాబట్టి, అది తెలుగు అని కంప్యూటరుకు ఎప్పుడూ తెలియదు.

ఆదివారం డీటీపీ సెంటర్‌కు ఫోన్ చేశాం. అక్కడి అంకుల్ మంచివారే. ఫైలు తెరిచి చూసి అన్నారు, "మా సిస్టంలో బాగానే కనబడుతోందమ్మా."

ఈ మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారో! ఆయన సిస్టంలో బాగా కనిపించక ఏం చేస్తుంది? ఆ ఫాంటు ఆయన కంప్యూటర్లో ఉంది కదా. ఉత్తరం తన బల్ల మీద చక్కగా ఉందని చూసుకుని, చిరునామా రాయకుండా డబ్బాలో వేసినట్టే ఇది. ఫైలు పంపేవాళ్లు దాన్ని తమ కంప్యూటర్లో కాదు, ఆ ఫాంటు లేని వేరే కంప్యూటర్లోనో, ఫోన్లోనో తెరిచి చూసుకోవాలి. ఒక్క నిమిషం పని. ఎవరూ చేయరు.

ఆయన వెంటనే ఒక దారి చెప్పారు: "పేజీలన్నీ ఫోటోలుగా చేసి పంపేస్తాను, ఫోన్లో చూసుకోండి." ఇది అందరికీ ఇష్టమైన దారి. మా బడి గ్రూపుల్లో కూడా ఫైలు తెరుచుకోలేదంటే స్క్రీన్‌షాట్ వచ్చేస్తుంది. మా అయిదుగురిలో ఇద్దరు అదే చాలన్నారు, చదవడమే కదా ముఖ్యమని. మిగతా ముగ్గురం ఒప్పుకోలేదు. ఫోటో అంటే అక్షరాల బొమ్మ, అక్షరాలు కాదు. 64 ఫోటోలు ఫోన్లో వరస తప్పుతాయి. ఒక ఊరి పేరు ఎక్కడుందో వెతకలేం. మా వీధిలో ఒక అత్తయ్యకు చూపు లేదు, ఆవిడ తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతారు. ఫోటో ముందు అది ఏమీ పలకదు. బొమ్మ నుంచి అక్షరాలను రాబట్టే పద్ధతులు ఉన్నాయి, నిజమే. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు వస్తాయి కూడా. కానీ వత్తుల దగ్గర తప్పులు పడతాయి, అవి మళ్లీ దిద్దుకోవాలి. ఆర్కైవ్‌లో ఉన్న పాత పుస్తకాలు స్కానింగులే కదా అంటే, అవి కాగితం మీద పుట్టిన పుస్తకాలు, వాటికి వేరే దారి లేదు. కంప్యూటర్లోనే పుట్టిన పుస్తకాన్ని మళ్లీ బొమ్మగా మార్చడం ఎందుకు?

అంకుల్ రెండు మూడు సెట్టింగులు వెతికి ఫాంట్లన్నీ పొదిగే ఆప్షన్‌కు టిక్కు పెట్టి మళ్లీ పంపారు. ఈసారి ఫాంట్స్ ట్యాబ్‌లో 'ఎంబెడెడ్' అని ఉంది. పుస్తకం తెలుగులో తెరుచుకుంది. నిజం చెప్పాలంటే మా ముగ్గురి కోరిక ఇంకా పూర్తిగా తీరలేదు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే మళ్లీ ఆ ప్లస్సులూ డాలర్లే. కంటికి తెలుగు, కంప్యూటరుకు ఇంగ్లిష్. అది పూర్తిగా పోవాలంటే మొదటినుంచీ యూనికోడ్‌లో టైపు చేయాలి. యూనికోడ్‌లో ఇప్పుడు మంచి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. కొన్నిటికి మన కవుల పేర్లే పెట్టారు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ. ఎవరైనా దించుకోవచ్చు. అచ్చు పుస్తకాలకు పాత ఫాంట్లే అందంగా ఉంటాయని డీటీపీ వాళ్లు అంటారు. అందం సంగతి వాళ్లకే బాగా తెలుసు. కానీ వెతకడానికి కుదరని అందం మాలాంటి దూరపువాళ్లకు సగమే ఉపయోగం.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. పీడీఎఫ్‌లో పీడీఎఫ్-ఏ అని ఒక రకం ఉంది, 2005లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. చాలా ఏళ్లు దాచుకోవాల్సిన పత్రాల కోసం పెట్టారు. అందులో ఫాంట్లన్నీ పొదిగి ఉండటం తప్పనిసరి. వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లోకి వెళితే దానికి ఒక టిక్కు ఉంటుంది. పిల్లల కోసం తెలుగులో ఏది పంపినా, అది పాఠమైనా, ప్రశ్నపత్రమైనా, తాతయ్య జ్ఞాపకాలైనా, ఆ టిక్కు పెట్టి పంపాలి. ఈ పత్రికకు తెలుగు, తమిళం, మలయాళం, ఒడియా వ్యాసాలు పంపే మనం కూడా. సంపాదకుల కంప్యూటర్లో మన వ్యాసం డబ్బాలుగా కనిపిస్తే దాన్ని తీసి పక్కన పెట్టడం తప్ప వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఇంకొకటి, ఇదంతా కంప్యూటరు పీరియడ్‌లో నేర్పాలి. ఎక్సెల్‌లో చార్టు గీయడం నేర్పుతారు, తెరుచుకోని ఫైలును ఎలా పరీక్షించాలో నేర్పరు. పెద్దవాళ్లు చూసుకుంటారులే అనకండి. మన ఇళ్లలో బదిలీ ఆర్డరు రాగానే టీసీ, మార్కుల షీటు, ఆధార్, టీకాల కార్డు, అన్నీ పీడీఎఫ్‌లే అయి, "ఒరే, ఇది తెరవట్లేదు చూడరా" అని పిలిచేది మననే.

ఆధార్ ఫైలు సంగతి తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. దాని పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, వెంట పుట్టిన సంవత్సరం. ఇక్కడి మిత్రులు తమ పేరు కొట్టి తెరిచేస్తారు. మనలో చాలామందికి కార్డు మీద ఇంటిపేరు ముందు ఉంటుంది, కాబట్టి మొదటి నాలుగు అక్షరాలు ఇంటిపేరువి. మాలో ఒకరు తన సొంత పేరు పదిసార్లు కొట్టి ఫైలు పాడైందని తేల్చేశారు. ఇంటిపేరు పొట్టిగా ఒక్క అక్షరంగా ఉంటే దాని పక్కన ఉన్న చుక్క కూడా లెక్కలోకి వస్తుంది. అలాగే సంతకం ఉండాల్సిన చోట పసుపుపచ్చ ప్రశ్నార్థకం కనిపిస్తే అది దొంగ పత్రం అని కాదు, ఆ సంతకాన్ని మీ కంప్యూటరు ఇంకా సరిచూసుకోలేదని. అడోబీ రీడర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి సరిచూసుకోవచ్చు. ఇలాంటి పత్రాలను ముక్కూమొహం తెలియని 'ఉచిత రిపేర్' వెబ్‌సైట్లకు మాత్రం ఎక్కించకండి. అందులో మన చిరునామా, పుట్టినతేదీ, ఫోటో అన్నీ ఉంటాయి. పేరు చివర పీడీఎఫ్ అని ఉండి, దాని తర్వాత ఇంకా 'ఈఎక్స్ఈ' అని ఉంటే అది పత్రమే కాదు, ప్రోగ్రాము. విండోస్ మామూలుగా ఆ చివరి ముక్కను చూపించదు, చూపించేలా మనమే మార్చుకోవాలి.

తాతయ్య పుస్తకం తెరుచుకున్న రోజు వెంటనే ఫోన్ చేసి, అప్పుడు మేమన్న మాటకు అర్థం వేరని చెప్పాం. ఆయన నవ్వి, "అయితే ఇప్పుడు చదివి వినిపించండి" అన్నారు. అక్కడ మా గుట్టు బయటపడింది. పెద్దవాళ్లం ముగ్గురం ఫరవాలేదు. ఆరో తరగతి చదివే చిన్నది 'ఉత్తరం' బాగానే చదివింది, 'స్వాతంత్ర్యం' దగ్గర ఆగిపోయింది. ఫాంటుది తప్పు కాదు, అక్షరం శుభ్రంగానే ఉంది. తాతయ్య భయం పూర్తిగా ఉత్తదేమీ కాదని మాకు అప్పుడు తెలిసింది. దాని కింద ఏ వత్తు ఉందో ఆయన ఫోన్లోనే చెప్పారు. అప్పటినుంచి ఆదివారం పొద్దున రెండేసి పేజీలు చదివి వినిపిస్తున్నాం. మొన్నటికి ఆయన మూడో బదిలీ, ఆత్రేయపురం దాకా వచ్చాం. 22వ పేజీలో ఒక ముద్రారాక్షసం దొరికితే చెప్పాం. అచ్చుకు ఇచ్చేలోపు ఇంకేమైనా ఉంటే చెప్పమన్నారు.